ఇంటిల్లిపాదితో కొండదారి: దణ్ణం పెట్టుకోదగ్గ చిన్న చిన్న సంగతులు (బరంపురం, రాయగడ, కోరాపుట్, సాలూరు)

బరంపురం_బాబు
అందరికీ నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో ఐదుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలు, ఏడు సీట్ల బండి. మొదటిరోజు దిగపహండి, తప్తపాణి, మోహన మీదుగా రాయగడ. రెండోరోజు లక్ష్మీపురం మీదుగా కోరాపుట్. మూడోరోజు సుంకి ఘాటీ దిగి సాలూరు, విజయనగరం, శ్రీకాకుళం, ఇచ్ఛాపురం, ఇల్లు.

ఎక్కడ ఏ గుడి ఉంది, ఏ జలపాతం ఉంది అన్నది అడగట్లేదు. ప్రయాణం సాఫీగా సాగిపోతే మనం పట్టించుకోని మేళ్లు కొన్ని ఉంటాయి కదా. స్టెప్నీలో గాలి ఉండటం, మధ్యాహ్నం దాకా అన్నం పాడవకపోవడం, పిల్ల వాంతి చేసుకోకపోవడం. అలాంటివి ఏవి, ఎందుకు జరుగుతాయి, మన చేతిలో ఉన్నంత మేరకు వాటిని ఎలా సిద్ధం చేసుకోవాలి? ఒక్క మనవి. ‘ఓసారి మేం వెళ్లినప్పుడు’ అంటూ కథలు వద్దు. పనికొచ్చే ముక్క చెప్పండి చాలు.

స్టెప్నీ_శర్మ
బాబుగారూ, మొదటి దణ్ణం స్టెప్నీకే. నాలుగు చక్రాలకీ గాలి కొట్టించి ఐదోదాన్ని మరిచిపోవడం మన జాతీయ అలవాటు. నెలల తరబడి వాడకపోయినా టైరులోంచి గాలి కొద్దికొద్దిగా తగ్గుతూనే ఉంటుంది.

ఎంత గాలి ఉండాలన్నది డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద అంటించిన కాగితంలో ఉంటుంది. అందులో రెండు లెక్కలుంటాయి, తక్కువ మందికి ఒకటి, నిండు బండికి ఒకటి. మీరు ఏడుగురూ సామానూ కాబట్టి రెండోది చూసుకోండి. వెనక చక్రాలకి సాధారణంగా మూడు నాలుగు పీఎస్‌ఐ ఎక్కువ రాసి ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. యాభై కిలోమీటర్లు నడిచాక కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేస్తే మర్నాడు పొద్దుటికి తక్కువైపోతుంది.

ఇక స్టెప్నీ ఉన్నా పనికిరాకుండా పోయే సందర్భాలు. జాకీ, స్పానర్ డిక్కీ అడుగున ఉంటాయి, వాటి మీద ఏడుగురి సామాను. వానలో ఆ సంచులన్నీ రోడ్డు మీద పెట్టాలి. బయల్దేరకముందే వాటిని గుడ్డలో చుట్టి సీటు కిందకి మార్చేయండి. ఏడు సీట్ల బళ్లలో చాలావాటికి స్టెప్నీ బండి కింద గొలుసుకి వేలాడుతుంది. ఆ గొలుసు మరకి తుప్పు పట్టి తిరగదు. ఇంటి దగ్గరే ఒకసారి పూర్తిగా దించి, గ్రీజు రాసి, మళ్లీ ఎక్కించండి. అల్లాయ్ చక్రాలుంటే దొంగతనం జరక్కుండా ఒక ప్రత్యేకమైన నట్టు వేస్తారు. దాని తాళం బిళ్ల లేకపోతే చక్రం ఊడదు. ఆ బిళ్ల ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంటుంది! తెచ్చి జాకీతో కలిపి కట్టేయండి.

మార్చేటప్పుడు వరుస ఇది. చదునైన చోటు, హ్యాండ్‌బ్రేకు, మొదటి గేరు, అందరూ కిందకి. మార్చే చక్రానికి ఎదురు మూలనున్న చక్రానికి ముందూ వెనకా రాళ్లు. బండి లేపకముందే నట్లన్నీ అరచుట్టు వదులు చెయ్యాలి. లేపాక చేస్తే చక్రం తిరిగిపోతుంది, బండి జాకీ మీంచి జారుతుంది. తీసిన చక్రాన్ని బండి పక్క అంచు కింద పడుకోబెడితే జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది. నట్లు ఎదురెదురు వరుసలో బిగించాలి, యాభై కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఒక పట్టు. మట్టి రోడ్డు పక్కన జాకీ దిగబడిపోతుంది, అడుగు పొడవు చెక్కముక్క ఒకటి వేసుకోండి. ఎర్ర త్రికోణం బండికి యాభై మీటర్లు వెనక పెట్టాలి. ఘాటీలో అయితే మలుపు లోపల కాదు, మలుపు రాకముందు.

పలాస_కుర్రాడు
శర్మగారూ, ట్యూబ్‌లెస్ టైర్లకి ఇంత అవసరమా? మేకు దిగినా మెల్లగా వెళ్లిపోవచ్చు కదా.

స్టెప్నీ_శర్మ
వెళ్లొచ్చు తమ్ముడూ, మేకు పీకకపోతే. పీకగానే గాలంతా పోతుంది. సిగరెట్ లైటరుకి పెట్టే చిన్న గాలి పంపు ఉంటే మేకు అలాగే ఉంచి, గాలి నింపుకుంటూ షాపు దాకా వెళ్లొచ్చు. కానీ టైరు పక్క గోడ చిరిగితే పంచరు వేసే ఏ స్ట్రిప్పూ పనిచెయ్యదు, స్టెప్నీయే గతి. కొండ రోడ్ల అంచు విరిగి పదునుగా ఉంటుంది. ఎదురు లారీకి దారివ్వబోయి చక్రం దిగితే కోసుకుపోయేది పక్క గోడే.

గుణుపురం_పిన్ని
అన్నం సంగతి నేను చెబుతాను. దారి భోజనానికి పులిహోర, దద్దోజనం మనవాళ్లు ఊరికే పెట్టలేదు. కానీ రెండూ పాడయ్యేది ఒకే కారణానికి: వేడివేడిగా డబ్బాలో పెట్టి మూత బిగించేస్తారు. ఆవిరి మూతకి పట్టి, నీరై మళ్లీ అన్నంలోకి కారుతుంది. నాలుగు గంటల్లో జిగురు.

కిలో బియ్యానికి వంద నుంచి నూట ఇరవై గ్రాముల చింతపండు, నూట యాభై గ్రాముల నువ్వులనూనె. అన్నం పలుకుగా వండి, వెడల్పు పళ్లెంలో ఆరబోసి, పసుపు, రెండు గరిటెల నూనె వేసి కలపండి. పులుసు నూనె పైకి తేలేదాకా ఉడకాలి. అంతకు ముందే దించితే నీళ్లుంటాయి, ఆ నీళ్లే పులిహోరకి శత్రువు. ఫ్యాను కింద పూర్తిగా చల్లారాకే డబ్బా. ఉదయం ఐదింటికి కలిపింది సాయంత్రం దాకా నిశ్చింతగా ఉంటుంది. నిమ్మకాయ పులిహోర అయితే పొయ్యి దించాకే రసం పిండాలి, లేకపోతే చేదు. అదీ మధ్యాహ్నానికే తినెయ్యాలి.

దద్దోజనంలో పెరుగు పోసి తీసుకెళితే పదకొండింటికే పుల్లగా అయిపోతుంది. గ్లాసు బియ్యం మెత్తగా వండి, మెదిపి, రెండు గ్లాసుల కాచి చల్లార్చిన పాలు, రెండే చెంచాల పెరుగు. దారిలోనే తోడుకుంటుంది, మధ్యాహ్నానికి కమ్మగా ఉంటుంది. ఉప్పు తినేముందు కలపండి. తాలింపులో అల్లం వేసి, ఉల్లిపాయ మానెయ్యండి. మధ్యాహ్నం రెండు గంటల తర్వాత మిగిలిందాన్ని మొహమాటపడి పిల్లలకి పెట్టొద్దు, పారెయ్యండి.

విస్తళ్లకి అడ్డాకులు తీసుకోండి. రాయగడ, గుణుపురం సంతల్లో కట్టలు దొరుకుతాయి. కడగక్కర్లేదు, నీళ్లు మిగులుతాయి. అది చిన్న మేలు కాదు. నిండు బండిలో నీళ్లే అసలు బరువు.

పలాస_కుర్రాడు
పిన్నిగారూ, ఈ రోజుల్లో పొద్దున్నే లేచి పులిహోర కలిపే ఓపిక ఎవరికుంది? దారిలో దాబాలున్నాయి, వేడిగా పెడతారు.

గుణుపురం_పిన్ని
జాతీయ రహదారి 16 మీద ఉన్నాయి నాయనా, కాదనను. మోహన దాటాక రాయగడ దాకా, లక్ష్మీపురం నుంచి కోరాపుట్ దాకా వేళకి దొరుకుతుందన్న నమ్మకం లేదు. దొరికిన చోట అప్పుడే కాగుతున్నదే తినండి, పూరీ, ఉడికించిన గుడ్డు, టీ. ముందే కలిపి పెట్టిన కొబ్బరి చట్నీ జోలికి పోవద్దు, దారిలో అందరికన్నా ముందు చెడేది అదే.

ఘాటీ_గేరు
కొండ దిగడం గురించి. తప్తపాణి దగ్గర మలుపులు, కోరాపుట్ నుంచి జయపురం వైపు దిగే ఇరవై చిల్లర కిలోమీటర్లు, సుంకి ఘాటీ, ఈ మూడింట్లో మీకు తగిలేవి రెండు. సుంకి పెద్దది. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. సాలూరు మైదానం. ఆ ఎత్తంతా మీ బ్రేకులు దించాలా, ఇంజన్ దించాలా అన్నదే ప్రశ్న.

ఏ గేరులో ఎక్కగలిగారో ఆ గేరులోనే దిగండి. నిండు బండికి అది రెండు, కొన్ని మలుపుల దగ్గర ఒకటి. గేరు దిగుడు మొదలవ్వకముందే మార్చుకోవాలి. న్యూట్రల్‌లో వదిలితే డీజిలు మిగులుతుందన్నది వట్టి భ్రమ. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే ఇంధనమే పారదు, న్యూట్రల్‌లో మాత్రం ఐడిల్‌కి కాలుతూనే ఉంటుంది. ఇంజన్ ఆపేస్తే ఇంకా ప్రమాదం. బ్రేకు బూస్టరు, పవర్ స్టీరింగు రెండూ పోతాయి.

బ్రేకు మీద కాలు నిరంతరం ఆనించి ఉంచకూడదు. గట్టిగా నొక్కి వేగం తగ్గించి, పూర్తిగా వదిలెయ్యాలి. అలా వదిలినప్పుడే డిస్కు చల్లారుతుంది. కాలిన వాసన వచ్చినా, పెడలు మెత్తగా లోపలికి పోతున్నా ఆపేసి, ఇరవై నిమిషాలు ఊరుకోండి. నీళ్లు పొయ్యొద్దు, వేడి డిస్కు వంకరపోతుంది. బ్రేకు ద్రవం గాలిలోని తేమ పీలుస్తుంది. పాతదైతే తక్కువ వేడికే మరిగి బుడగలొస్తాయి, పెడలు మెత్తబడేది అందుకే. రెండేళ్లు దాటి ఉంటే వెళ్లేముందు మార్పించండి.

ఇరుకు చోట ఎక్కే బండికి దారివ్వాలి. నిబంధనా అదే, న్యాయమూ అదే. నిండు లారీ ఎక్కుతూ ఆగిపోతే మళ్లీ కదలడం కష్టం. మలుపు దగ్గర హారన్ ఒకసారి, సమాధానం వినడానికి పాట కాస్త తగ్గించి.

కొత్త_లైసెన్సు
అన్నా, మాది ఆటోమేటిక్. గేరు మార్చేదే లేదు కదా, ఎలా?

ఘాటీ_గేరు
ఉంటుంది తమ్ముడూ. లివరు పక్కన ఎల్ గానీ, 2 గానీ, ఎం పక్కన కూడిక తీసివేత గుర్తులు గానీ ఉంటాయి. దిగేముందు అందులోకి మార్చి, తీసివేత వైపు నొక్కుతూ రెండుకి తెచ్చుకో. డి లోనే వదిలేస్తే బండి పై గేరులోకి పోతూ, బరువంతా బ్రేకు మీద పడుతుంది. ఇంటి దగ్గర ఫ్లైఓవరు మీద రెండుసార్లు అలవాటు చేసుకుంటే ఘాటీలో చూపు రోడ్డు మీదే ఉంటుంది.

ఎక్కేటప్పుడు వేడి ముల్లు ఎర్ర గీత వైపు వెళ్తే ఏసీ ఆపి, హీటరు ఫుల్‌గా పెట్టు. లోపల ఉక్క, కానీ ఇంజన్ వేడి కొంత బయటికి లాగుతుంది. ఆపాక రేడియేటరు మూత ముట్టుకోవద్దు. అరగంట తర్వాత గుడ్డ కప్పి మాత్రమే.

మందులడబ్బా
వాంతులు. లోపలి చెవి ఊగుతున్నామని చెబుతుంది, పుస్తకంలోనో ఫోనులోనో ఉన్న కన్ను కదలట్లేదంటుంది. ఆ తగువే వికారం. ఫోను తీసేసుకుని దూరాన కొండ గట్టు వైపు చూడమనాలి. మూడో వరుసలో ఊపు ఎక్కువ, వికారం వచ్చేవాళ్లని అక్కడ కూర్చోబెట్టకండి. ఖాళీ కడుపూ వద్దు, నిండు కడుపూ వద్దు, రెండు ఇడ్లీలు చాలు. సొంఠి, అల్లం ముక్క కొందరికి బాగా పనిచేస్తాయి.

ప్రొమెథజీన్ రకం మాత్రలు వికారం మొదలయ్యాక వేస్తే లాభం తక్కువ, గంట రెండు గంటల ముందే వెయ్యాలి. మత్తు వస్తుంది, కాబట్టి స్టీరింగు పట్టేవాళ్లు వేసుకోకూడదు. రెండేళ్లలోపు పిల్లలకి అసలే వద్దు, పెద్ద పిల్లలకైనా మోతాదు డాక్టర్ని అడిగే. పిల్లల్ని ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోకండి. గాలి సంచి (ఎయిర్‌బ్యాగ్) తెరుచుకుంటే దెబ్బ తగిలేది వాళ్లకే.

ఘాటీ దిగుతుంటే చెవులు మూసుకుపోతాయి. పెద్దవాళ్లు గుటక వేస్తే చాలు. చంటిపిల్లలకి పాలు పట్టండి, ఆ గుటకలే చెవిని తెరుస్తాయి.

షుగరు ఉన్నవాళ్లకి రెండు మాటలు. మాత్ర వేసుకున్నాక భోజనం ఆలస్యమవడమే దారిలో అసలు ప్రమాదం. చెమట, వణుకు, చిరాకు కనిపిస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో, పావుగంటలో తగ్గకపోతే మళ్లీ. ఆ చక్కెర డిక్కీలో కాదు, చేతికందే చోట. ఇన్సులిన్ డ్యాష్‌బోర్డు మీద పెడితే ఎండకి పాడవుతుంది, ఐసుకి ఆనించి పెడితే గడ్డకట్టి పాడవుతుంది. తడిగుడ్డలో చుట్టి కాళ్ల దగ్గర నీడలో పెట్టండి.

ఒక్కటి ఎవరూ చెప్పరు. దక్షిణ ఒడిశా కొండ జిల్లాల్లో మలేరియా ఉంది. సాయంత్రం నుంచి పొడుగు చేతుల చొక్కా, ఒంటికి దోమల మందు, రాత్రి తెర. ఇంటికొచ్చిన వారం పది రోజులకో, నెలలోపో జ్వరం వస్తే, ‘రాయగడ, కోరాపుట్ వెళ్లొచ్చాం’ అని డాక్టరుకి మీరే ముందు చెప్పండి. ఆ ఒక్క మాటతో రక్తపరీక్ష ఆ రోజే జరుగుతుంది.

తప్తపాణి వేడినీళ్ల బుగ్గలో బీపీ మందులు వాడే పెద్దలు పది నిమిషాలకి మించి కూర్చోకుండా చూడండి. లేచేటప్పుడు చెయ్యి పట్టుకోండి, తల తిరుగుతుంది.

జయపురం_మాస్టారు
అందరూ సిద్ధం చేసుకోవడం గురించి చెప్పారు. బాబుగారు దణ్ణం అన్నారు కదా, ఆ సగం నేను రాస్తాను. స్టెప్నీ అవసరం పడకపోతే దాన్ని ఎవరూ తలుచుకోరు. రాత్రి తలుచుకునే ఏర్పాటు ఒకటి ఉండాలి.

2003లో అమెరికాలో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లా అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరు విద్యార్థులు వారానికోసారి కృతజ్ఞత కలిగించిన ఐదు దాకా సంగతులు రాయాలి. ఇంకొందరు చిరాకు పెట్టినవి రాయాలి. పది వారాలయ్యాక, చిరాకులు రాసినవాళ్ల కన్నా మొదటివాళ్లు తమ జీవితం గురించి మెరుగ్గా చెప్పుకున్నారు.

కుటుంబానికి దీన్ని ఇలా మార్చుకోవచ్చు. రాత్రి భోజనమయ్యాక, పడుకునే ముందు, ఒక్కొక్కరు ఒక్కటే చెప్పాలి. ఐదు అడిగితే పిల్లలు మూడోదాని నుంచి కల్పిస్తారు. చెప్పేది ఆ రోజుదే కావాలి, మనిషిదో వస్తువుదో పేరుండాలి. ‘అంతా బాగుంది’ చెల్లదు. ‘లక్ష్మీపురం దగ్గర గేటు తీసి బాత్రూం చూపించిన ముసలమ్మ’ చెల్లుతుంది. చిన్నవాళ్లతో మొదలుపెట్టండి. తాతగారు మొదట చెబితే అందరూ ఆయన మాటే తిప్పి చెబుతారు. బండి తోలినవాళ్లు చివర.

ఇది చెడిపోయేది పెద్దవాళ్ల వల్లే. పిల్లాడు ‘చిప్స్ ప్యాకెట్’ అంటే నవ్వి, ‘ఇంత చూపిస్తే నీకు చిప్సే కనిపించిందా’ అన్నారో, మర్నాడు వాడు నోరు విప్పడు. ఆ చిప్స్‌నే రాసుకోండి. అలిగినవాళ్లని బలవంతపెట్టకండి, వాళ్ల వంతు దాటేసి ముందుకి పోవాలి. అలాగే ‘నిన్ను తీసుకొచ్చింది ఎవరు, ఎంత ఖర్చయింది’ అనే లెక్క అక్కడ తెస్తే అది కృతజ్ఞత కాదు, అప్పు పత్రం.

జేబులో పట్టే చిన్న నోటుబుక్కు, పెన్సిలు. పెన్ను అయితే ఎండకి ఉబ్బి కారుతుంది. తేదీ, ఊరు, ఒక్కో వాక్యం.

గుణుపురం_పిన్ని
మాస్టారూ, వంట చేసినవాళ్ల పేరు రోజూ వచ్చేలా చూడండి మరి. 😀

పలాస_కుర్రాడు
మాస్టారి మాటకి తోక. దారిలో సాయం చేసినవాళ్లకి ఏం ఇవ్వాలన్నది కూడా ముందే అనుకోండి. పంచర్ షాపు కుర్రాడికి పని డబ్బు పని డబ్బే, బేరం వద్దు. పది, ఇరవై, యాభై నోట్లు చిల్లరగా విడి కవరులో ఉంచండి. కొండ ఊళ్లలో సిగ్నల్ పోతే ఫోన్లో చెల్లింపు సాగదు. ఊరికే సాయపడినవాళ్లకి డబ్బిస్తే చిన్నబుచ్చుకుంటారు కొందరు. మన బరంపురం అప్పడాల కట్టలు ఓ నాలుగు, పలాస జీడిపప్పు చిన్న ప్యాకెట్లు ఓ నాలుగు పెట్టుకోండి. అవి పాడవ్వవు, ఎవరైనా సంతోషంగా తీసుకుంటారు. పెట్రోలు బంకుల్లో గాలి, తాగునీరు, మరుగుదొడ్డి ఉచితంగా ఇవ్వాలన్నది కంపెనీల నిబంధనే. కానీ ఆ మరుగుదొడ్డి కడిగే మనిషికి ఇరవై రూపాయలు చేతిలో పెట్టండి.

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగు నడుస్తుంది. కోరాపుట్ లోపలి పల్లెల్లో ఒడియా, దేశియా అనే అక్కడి స్థానిక భాష. దారి అడిగితే చెయ్యి చూపించిన వైపు ఫోను మ్యాపుతో సరిచూసుకోండి, మ్యాపు ముందే దించుకుని ఉంచండి.

బరంపురం_బాబు
మాస్టారూ, పిన్నిగారూ, అందరికీ ధన్యవాదాలు. నోటుబుక్కు కొన్నాను. ఇంకా రెండు సందేహాలు. జనవరిలో కోరాపుట్ నుంచి పొద్దున్నే బయల్దేరితే పొగమంచు ఎంత ఇబ్బంది? అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు, బండికి పసుపు కుంకుమలు అంటోంది. అభ్యంతరం లేదు, బండికేమైనా నష్టమా?

కొత్త_లైసెన్సు
మంచులో నాలుగు దీపాలూ మిణుకుమంటూ వెళ్తే వెనకాలవాళ్లకి కనిపిస్తాం కదా?

ఘాటీ_గేరు
కదులుతుండగా ఆ దీపాలు వెయ్యకు తమ్ముడూ. వెనకాలవాడు నువ్వు ఆగి ఉన్నావనుకుంటాడు, నువ్వు ఎటు తిరుగుతావో కూడా తెలీదు. ఆగినప్పుడే అవి. మంచులో హెడ్‌లైటు కింది బీమే వెయ్యాలి. పై బీమ్ మంచుకి తగిలి కళ్లలోకే తిరిగొస్తుంది. అద్దం లోపల ఆవిరి పడితే గుడ్డతో తుడవకండి, ఏసీ వేసి గాలి ముందు అద్దం వైపు తిప్పండి, తేమ లాగేస్తుంది. బాబుగారూ, కోరాపుట్, పొట్టంగి వైపు జనవరిలో మంచు దట్టంగా పడుతుంది. ఎండ పొడిచి రోడ్డు కనిపించేదాకా కదలకండి, తొమ్మిదయినా సరే. ఆ రెండు గంటలు కోరాపుట్‌లోనే టీ తాగుతూ కూర్చోవచ్చు.

స్టెప్నీ_శర్మ
నిమ్మకాయలకి ఏ నష్టమూ లేదు, తొక్కించెయ్యండి. కొబ్బరికాయ మాత్రం బండి ముందు కాకుండా పక్కన రాయి మీద కొట్టి, చిప్ప ముక్కలు ఏరెయ్యండి. పసుపు కుంకుమ బానెట్ మీద చాలు. ముందు అద్దం మీద డ్రైవరు చూపుకి అడ్డంగా పెట్టొద్దు, వానలో వైపరు దాన్ని అద్దమంతా పులుముతుంది. వెనక బంపరు మీద గుండ్రని సెన్సర్లుంటే వాటి మీదా పెట్టొద్దు. నిమ్మకాయ మిరపకాయల దండ నంబరు ప్లేటుకి అడ్డం రాకూడదు. హారతి కర్పూరం డీజిలు మూత లేని వైపు.

పలాస_కుర్రాడు
బాబుగారూ, ఒకటి మరిచాను. డీజిలు, పెట్రోలు ఆంధ్రలో కన్నా ఒడిశాలో చవక, లీటరుకి బాగానే తేడా ఉంటుంది. సెమిలిగుడలోనో పొట్టంగిలోనో ట్యాంకు నింపుకుని సుంకి దిగండి. సాలూరు, విజయనగరం, శ్రీకాకుళం మీదుగా ఇచ్ఛాపురం దాటి మళ్లీ ఒడిశాలో పడేదాకా అది సరిపోతుంది. అత్యవసరానికి 112, అంబులెన్సుకి 108, జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033. వీటిని ఫోన్లోనే కాదు, మాస్టారు చెప్పిన నోటుబుక్కు మొదటి పేజీలో పెన్సిలుతో రాయండి, బ్యాటరీ అయిపోయినప్పుడు పిల్లలకైనా కనిపిస్తుంది.